బిళ్ళగన్నేరు కాడలో ఒక్క కణాన్ని తూచడం ఎలా?

ప్రహరీ గోడ పక్కన ఎవరూ నీళ్ళు పోయకపోయినా ఏడాది పొడవునా పూసే బిళ్ళగన్నేరు మీకు తెలిసిందే. విన్‌బ్లాస్టిన్, విన్‌క్రిస్టిన్ అనే క్యాన్సర్ మందులకు మూలం ఆ మొక్కే. ఒక్క గ్రాము విన్‌బ్లాస్టిన్ తీయాలంటే సుమారు 500 కిలోల ఎండిన ఆకు కావాలంటారు. అంత ఆకు రుబ్బితే మందు దొరుకుతుంది కానీ, ఆ సరుకు మొక్కలో ఏ కణం దగ్గర దాగి ఉందో తెలియదు. రోట్లో పచ్చడి నూరేశాక ఏ మిరపకాయ ఘాటుదో చెప్పలేం కదా, అదే ఇబ్బంది.

రుబ్బకుండా ఒక్కో కణాన్నీ విడిగా రుచి చూసే పద్ధతి ఒకటుంది. హిరోషిమా విశ్వవిద్యాలయంలో సుతోము మసుజిమా బృందం 2008లో దీన్ని చేసి చూపించింది. మైక్రోస్కోప్ కింద బతికున్న కణాన్ని చూస్తూ, వెంట్రుక కంటే ఎన్నో రెట్లు సన్నని గాజు సూదితో లోపలి రసం లాగి, ఆ సూదినే నేరుగా మాస్ స్పెక్ట్రోమీటర్ ముందు, అంటే అణువులను వాటి బరువును బట్టి గుర్తుపట్టే మెషిన్ ముందు పెడతారు. 2016లో జపాన్ పరిశోధకులు బిళ్ళగన్నేరు కాడ మీదే దీన్ని ప్రయోగించి, ఆల్కలాయిడ్లు (ఈ మందుల్లాంటి, నైట్రోజన్ ఉన్న మొక్క రసాయనాలు) ఎక్కువగా ఏ కణాల్లో పోగవుతాయో చూపించారు. ఆ దారిలోనే మీరూ మొదటిసారి ఈ పని చేయడానికి ఏం కావాలో, ఎక్కడ తప్పుతుందో చెబుతాను. పీజీ ప్రాజెక్టులో ఉన్నవాళ్ళనీ, పీహెచ్‌డీ మొదలుపెట్టినవాళ్ళనీ దృష్టిలో పెట్టుకుని రాస్తున్నాను.

ఒక మాట ముందే. ఈ పనిలో కోట్ల రూపాయల మెషిన్ పాత్ర చివరి పది నిమిషాలే. తెర మీద కనిపించిన పీకు, అంటే ఒక్కో పదార్థం బరువు దగ్గర లేచే గీత, ఆ కణం లోపలి నుంచే వచ్చిందని, పక్క కణం నుంచో ప్లాస్టిక్ ట్యూబు నుంచో రాలేదని నిరూపించడమే అసలు పని. కింద చెప్పే జాగ్రత్తల్లో సగం దానికోసమే.

ముందు కాగితం మీద లెక్క వేయండి

కణాన్ని 40 మైక్రాన్ల వ్యాసం ఉన్న గోళం అనుకోండి. దాని ఘనపరిమాణం సుమారు 33 పికోలీటర్లు. పికోలీటరు అంటే లీటరులో లక్ష కోట్ల వంతు. అందులో ఒక పదార్థం 1 మిల్లీమోలార్ గాఢతలో ఉంటే 33 ఫెమ్టోమోల్‌లు, అంటే దాదాపు 2000 కోట్ల అణువులు. వినడానికి చాలా ఎక్కువే. కానీ ఆ రసాన్ని 2 మైక్రోలీటర్ల ద్రావణిలో కలిపితే 60 వేల రెట్లు పలచబడి, గాఢత 17 నానోమోలార్‌కు పడిపోతుంది. ఆర్బిట్రాప్ లాంటి మంచి మాస్ స్పెక్ట్రోమీటర్‌కు అది చాలు. అదే పదార్థం కణంలో 1 మైక్రోమోలారే ఉంటే మాత్రం 17 పికోమోలార్ అవుతుంది, మెషిన్ నాయిస్‌లో కలిసిపోతుంది.

డీఎన్ఏ అయితే పీసీఆర్‌తో ఒక్క ప్రతిని కోట్ల ప్రతులు చేసుకోవచ్చు. చిన్న రసాయనాలకు అలాంటి దారి లేదు. ఉన్నదాన్ని ఒలకబోసుకోకుండా చూసుకోవడమే. అందుకే కణంలో దండిగా ఉండే పదార్థాన్నే మొదటి గురిగా పెట్టుకోండి. బిళ్ళగన్నేరు కాడలో అయితే కాథరాంథిన్, సర్పెంటిన్ అనే ఆల్కలాయిడ్లు మంచి ఎంపిక. పేరు గొప్పది కదా అని విన్‌బ్లాస్టిన్ వెంట పడకండి. 500 కిలోలకు గ్రాము అనే లెక్క గుర్తుంటే ఎందుకో అర్థమవుతుంది.

ఏమేం సమకూర్చుకోవాలి

ఇన్వర్టెడ్ మైక్రోస్కోప్ (కింది నుంచి చూసేది) కావాలి, దానికి యూవీ దీపం, వీడియో తీసే కెమెరా ఉండాలి. సూదిని మైక్రాన్ల లెక్కన కదిపే మైక్రోమానిప్యులేటర్ కావాలి. నానోస్ప్రే టిప్‌లు కావాలి, అంటే రసం లాగడానికీ, వోల్టేజీ ఇస్తే దాన్ని సన్నని తుంపరగా మెషిన్‌లోకి చిమ్మడానికీ వాడే ఆ గాజు సూదులు. ఇవి కొన దగ్గర 1 నుంచి 3 మైక్రాన్ల రంధ్రంతో, పైన బంగారమో ప్లాటినమో పూతతో రెడీమేడ్‌గా దొరుకుతాయి. పుల్లర్ మెషిన్ ఉంటే గాజు గొట్టాలతో మీరే లాగుకోవచ్చు కానీ, మొదటిసారి కొనుక్కోవడమే నయం. టిప్ వెనక తగిలించడానికి ట్యూబు, చిన్న సిరంజి. టిప్ వెనక నుంచి ద్రావణి పోయడానికి జెల్ లోడింగ్‌కు వాడే పొడుగాటి సన్నని పిపెట్ టిప్‌లు. మాస్ స్పెక్ పనికి తగినంత శుద్ధమైన (ఎల్‌సీ-ఎంఎస్ గ్రేడ్) అసిటోనైట్రైల్, నీళ్ళు, ఫార్మిక్ ఆసిడ్. పోల్చి చూసుకోవడానికి కాథరాంథిన్, అజ్మలిసిన్ (ఇదీ ఈ మొక్క ఆల్కలాయిడే) శుద్ధ నమూనాలు, అంటే స్టాండర్డ్‌లు.

మాస్ స్పెక్ట్రోమీటర్ మీ కాలేజీలో లేకపోవచ్చు. హైదరాబాద్‌లో ఐఐసీటీ (ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ కెమికల్ టెక్నాలజీ) లాంటి చోట్ల మాస్ స్పెక్ట్రోమెట్రీకి ప్రత్యేకమైన అనుభవం ఉంది. బయటివాళ్ళు ఎక్కడికి వెళ్ళినా ముందు అడగాల్సింది రేటు కాదు, నానోస్ప్రే సోర్స్ ఉందా లేదా అని. మామూలు ఎలక్ట్రోస్ప్రే సోర్స్ నిమిషానికి కొన్ని మైక్రోలీటర్ల నుంచి వందల మైక్రోలీటర్ల దాకా ద్రవాన్ని అడుగుతుంది. మీ దగ్గరున్నది మొత్తం 2 మైక్రోలీటర్లు. రెండో ప్రశ్న: మైక్రోస్కోప్, మాస్ స్పెక్ ఒకే భవనంలో ఉన్నాయా? లేకపోతే డ్రై ఐస్ ఏర్పాటు కూడా చూసుకోవాలి.

టిప్‌లన్నీ గాజు పాత్రలోనే పెట్టండి. ద్రావణులు కూడా గాజు వయల్స్‌లోనే కలపండి. ఎందుకో బ్లాంకుల (కణ రసం లేకుండా చేసే ఖాళీ పరీక్షల) దగ్గర నా కథ చెబుతాను.

వారం రోజులు ఉల్లిపాయ

నేరుగా బిళ్ళగన్నేరు మీదకు పోకండి. ఉల్లిపాయ రేకు లోపలి పొరను ఒలిచి, స్లైడు మీద నీటి చుక్కలో పరచండి. ఆ కణాలు పెద్దవి, పారదర్శకమైనవి, గోడలు స్పష్టంగా కనిపిస్తాయి. టిప్‌ను దించడం, కొనను కణంతో ఒకే ఫోకస్‌లోకి తేవడం, గుచ్చడం, బయటికి తీయడం ఇక్కడ నేర్చుకోండి. మొదటి రోజు పది టిప్‌లు విరిగితే బెంగపడొద్దు. ఆబ్జెక్టివ్‌ను తిప్పబోయి టిప్‌ను విరగ్గొట్టని మనిషిని నేనింకా చూడలేదు. వరుసగా ఐదు కణాలు పక్కవాటిని తాకకుండా గుచ్చగలిగితే మీ చేయి సిద్ధమైనట్టే.

కాడను కోయడం

ఆరోగ్యంగా ఉన్న మొక్క నుంచి, కొమ్మ చివరికి దగ్గరగా లేత కాడను ఎంచుకోండి. ఏ సమయంలో కోశారో రాసిపెట్టుకుని, రోజూ అదే సమయానికి కోయండి. మొక్కలో రసాయనాలు వెలుగును బట్టి, వేళను బట్టి మారుతుంటాయి. పురుగుమందు కొట్టిన నర్సరీ మొక్కకన్నా మీ పెరటి మొక్క మేలు.

కొత్త బ్లేడుతో కాడను నిలువుగా కోయండి. పొర మరీ పలచగా వస్తే కణాలన్నీ తెగి ఖాళీ సంచుల్లా మిగులుతాయి. 100 మైక్రాన్లకు పైగా మందం ఉంచితే లోపల తెగని కణాలు దొరుకుతాయి. మరీ మందమైతే వెలుగు సోకదు. నాలుగైదు ముక్కలు కోసి మంచిదాన్ని ఏరుకోండి.

బిళ్ళగన్నేరు కాడ తుంచితే పాలు కారతాయని మీకు తెలుసు. ఆ పాలు ఉండేది పాలనాళాల కణాల్లో. అవి తెగగానే ఆల్కలాయిడ్లు నిండిన పాలు ముక్క అంతా పరుచుకుంటాయి. ఆ స్థితిలో మీరు ఏ కణాన్ని గుచ్చినా, పైన అంటుకున్న పాలే టిప్‌లోకి ఎక్కి, అన్ని కణాల్లోనూ ఆల్కలాయిడ్లు ఉన్నాయనిపిస్తుంది. అందుకని కోసిన ముక్కను శుభ్రమైన నీటిలో రెండు మూడుసార్లు మెల్లగా కడగండి, ప్రతిసారీ నీరు మార్చండి. చివరి కడుగు నీటిలో కొంచెం తీసి పక్కన పెట్టుకోండి, అవసరం పడుతుంది. కడగడానికి ఉప్పు కలిసిన బఫర్లు వద్దు. మనకు కావలసిన అయాన్ల సిగ్నల్‌ను ఉప్పు తొక్కేస్తుంది.

కోసిన క్షణం నుంచీ మొక్కకు అది గాయమే. గాయానికి స్పందనగా కణాల లోపల మార్పులు మొదలవుతాయి. నా మటుకు నేను ఒక ముక్కతో 15 నిమిషాలకు మించి పని చేయను. తర్వాత దాన్ని పారేసి కొత్తది కోస్తాను.

ఏ కణమో గుర్తుపట్టడం

2016 నాటి పరిశోధనలో నాలుగు రకాల కణాలు చూశారు: పైన ఉండే బాహ్యచర్మం కణాలు, లోపలి మృదుకణజాలం కణాలు, పాలనాళాల కణాలు, ఇడియోబ్లాస్ట్‌లు. ఈ చివరివి మృదుకణజాలంలోనే అక్కడక్కడా చెల్లాచెదురుగా ఉండే ప్రత్యేక కణాలు. ఊళ్ళో అందరి ఇళ్ళలాగే కనిపిస్తూ లోపల మందుల కొట్టు నడిపే ఇల్లు అనుకోండి.

మామూలు వెలుగులో వీటిని విడదీయడం కష్టం. యూవీ దీపం వేస్తే ఇడియోబ్లాస్ట్‌లు, పాలనాళాలు నీలంగా మెరుస్తాయి, పత్రహరితం ఉన్న కణాలు ఎర్రగా కనబడతాయి. నీలం కాంతి ఇచ్చే పదార్థాల్లో సర్పెంటిన్ ముఖ్యమైనది. అంటే ఈ మొక్క తన మందు అరలకు తానే దీపాలు పెట్టుకుంది. ఈ ప్రయోగానికి నేను బిళ్ళగన్నేరును ఎంచుకోవడానికి పెద్ద కారణం ఇదే. రంగు వేయాల్సిన పని లేదు. రంగు వేస్తే ఆ రంగు అణువే మాస్ స్పెక్‌లో పెద్ద పీకై కూర్చుంటుంది.

యూవీని రెండు మూడు సెకన్లకు మించి వేయకండి. నీలంగా మెరిసిన కణం ఎక్కడుందో చూసుకుని, దీపం ఆర్పి, మామూలు వెలుగులో గుచ్చండి. పొడవాటి గొట్టంలా సాగి ఉంటే పాలనాళం, పొట్టిగా పక్క కణాల ఆకారంలోనే ఉంటే ఇడియోబ్లాస్ట్. గుచ్చబోయే ముందు ఫొటో తీసి, కణం పొడవు, వెడల్పు కొలిచి రాయండి.

గుచ్చడం

కెమెరా రికార్డింగ్ నొక్కండి. టిప్‌ను ముక్కకు పైన, నీటి మట్టానికి కొంచెం ఎగువన తెచ్చి ఆపండి. ఇక్కడో చిన్న మెలకువ ఉంది. టిప్‌ను నీటిలోకి దించగానే కేశాకర్షణ వల్ల బయటి నీరు కొనలోకి ఎక్కుతుంది. దించే ముందే సిరంజితో వెనక నుంచి కొద్దిగా గాలి ఒత్తిడి ఇచ్చి ఉంచితే నీరు ఎక్కదు.

టిప్‌ను ఏటవాలుగా దించి కణం గోడకు ఆనించండి. గోడ కొంచెం గుంట పడుతుంది. ఇప్పుడు మెల్లగా నెట్టడం కాదు, చిన్న కుదుపుతో లోపలికి పంపాలి. మెల్లగా నెడితే గోడ సాగుతుంది, పక్క కణం నలుగుతుంది, చివరికి రెండూ పగులుతాయి.

ఎదిగిన మొక్క కణంలో ఎక్కువ భాగం రిక్తికే (రసం నిండిన సంచి, వాక్యువోల్) ఉంటుంది, అందులోని రసం ఒత్తిడి మీద ఉంటుంది. ఆ ఒత్తిడి సుమారు అర మెగాపాస్కల్ దాకా ఉండొచ్చు, అంటే కారు టైరులో గాలి ఒత్తిడికి రెట్టింపు. కాబట్టి టిప్ లోపలికి దిగగానే సిరంజి ఒత్తిడి తీసేస్తే చాలు, రసం దానంతటదే ఎగదన్నుకుని టిప్‌లోకి వస్తుంది. రాకపోతే సిరంజితో ఒక్కసారి మెల్లగా లాగండి. తెర మీద కణం వడలినట్టు కుంచించుకుపోవడం, టిప్‌లో రసం మట్టం పెరగడం రెండూ కనిపించాలి. ఈ రెండింట్లో ఒక్కటే కనిపిస్తే ఆ నమూనాను లెక్కలోకి తీసుకోకండి. కణం కుంచించుకుపోయి టిప్‌లో ఏమీ లేకపోతే రసం బయటికి కారిపోయినట్టు, పక్క కణాలకు కూడా అంటినట్టు.

ఇంకో సంగతి మరిచిపోవద్దు. ఇలా వచ్చేది ముఖ్యంగా రిక్తిక రసం. కణం మొత్తం అని రాయకండి. కొనకు కణద్రవ్యం కాస్త అంటుకుని రావచ్చు కానీ, ఎంత అనేది మీ చేతిలో ఉండదు.

టిప్‌ను వచ్చిన దారినే బయటికి తీయండి. టైము రాసుకోండి. ఇక్కడి నుంచి మాస్ స్పెక్ దాకా ఐదు నిమిషాల్లో చేరేలా చూడండి. కుదరకపోతే టిప్‌ను వెంటనే డ్రై ఐస్ మీద పెట్టి, మైనస్ 80 డిగ్రీల ఫ్రీజర్‌కు చేర్చండి.

బ్లాంకులు: విసుగైనా తప్పదు

నేను మొదటిసారి ఈ పని చేసినప్పుడు 391.28 దగ్గర (ఇవి అయాన్ బరువును దాని ఆవేశంతో భాగిస్తే వచ్చే అంకెలు, m/z) తాటిచెట్టంత పీకు వచ్చింది. ప్రతి కణంలోనూ వచ్చింది. కొత్త ఆల్కలాయిడ్ దొరికిందనుకుని ఆ రాత్రి నిద్రపోలేదు. మర్నాడు ఉత్త ద్రావణిని స్ప్రే చేస్తే అదే పీకు, అంతే ఎత్తు. అది ప్లాస్టిక్‌ను మెత్తబరచడానికి కలిపే థాలేట్. నేను ద్రావణి కలిపిన ప్లాస్టిక్ ట్యూబులోంచి వచ్చింది. అప్పటినుంచి ఏ కొత్త పీకు చూసినా ముందు ప్లాస్టిక్‌ను అనుమానిస్తాను, తర్వాతే సంతోషపడతాను.

మూడు బ్లాంకులు కావాలి. మొదటిది ఉత్త టిప్‌లో ఉత్త ద్రావణి. రెండోది మీరు దాచిపెట్టుకున్న చివరి కడుగు నీరు. మూడోది అన్నిటికన్నా ముఖ్యం, చాలామంది వదిలేసేదీ అదే: కణాన్ని గుచ్చకుండా, కణం పైన ఉన్న నీటిని అదే రకం కొత్త టిప్‌తో, అంతే పరిమాణంలో లాగడం. కాథరాంథిన్ పీకు ఈ మూడో బ్లాంకులోనూ కనిపిస్తే మీ ముక్క సరిగా కడగలేదు. ఆ రోజు తీసిన కణాలన్నీ అనుమానితాలే.

149.02, 279.16, 391.28 థాలేట్ల గుర్తులు. 445.12 సిలికోన్ నుంచి, అది గాలిలోనే ఉంటుంది. 44.026 తేడాతో మెట్లు మెట్లుగా పీకులు వస్తే పాలీఇథిలీన్ గ్లైకాల్, అంటే చేతికి రాసుకున్న క్రీమో, ఏదో డిటర్జెంటో. ఈ అంకెలు కాగితం మీద రాసి మెషిన్ పక్కన అంటించుకోండి.

ద్రావణి, స్ప్రే

80 శాతం అసిటోనైట్రైల్, మిగతా నీరు, అందులో 0.5 శాతం ఫార్మిక్ ఆసిడ్. ఆల్కలాయిడ్లలో నైట్రోజన్ ఉంటుంది కాబట్టి ఆసిడ్‌లో ప్రోటాన్‌ను సులువుగా పట్టుకుంటాయి, ధనావేశ అయాన్లను చూసే పాజిటివ్ మోడ్‌లో బాగా కనిపిస్తాయి. దీనికి ఇంటర్నల్ స్టాండర్డ్‌గా, అంటే ప్రతి నమూనాలోనూ పోలిక కోసం, డ్యుటీరియం (బరువైన హైడ్రోజన్) చేర్చిన ట్రిప్టోఫాన్‌ను తెలిసిన గాఢతలో కలపండి. ఐదు డ్యుటీరియాలున్న రకమైతే 210.129 దగ్గర కనిపిస్తుంది. చాలా ల్యాబుల్లో మెషిన్ పరీక్షకు రిసర్పిన్ వాడతారు, చేతికి అందుబాటులో ఉంటుంది కూడా. ఇక్కడ మాత్రం అది వద్దు. రిసర్పిన్ సర్పగంధి మొక్కది, సర్పగంధి, బిళ్ళగన్నేరు ఒకే కుటుంబం. చుట్టాల ఇంటి కొలపాత్రతో కొలవడం ఎందుకు?

టిప్ వెనక నుంచి జెల్ లోడింగ్ టిప్‌తో 2 మైక్రోలీటర్ల ద్రావణి పోయండి. మధ్యలో గాలి బుడగ నిలిస్తే స్ప్రే రాదు. టిప్‌ను కొన కిందికి పట్టుకుని వేలితో మెల్లగా తట్టితే బుడగ పైకి వస్తుంది. తర్వాత టిప్‌ను నానోస్ప్రే సోర్స్‌లో బిగించి, కొనను మెషిన్ ప్రవేశద్వారానికి కొన్ని మిల్లీమీటర్ల దూరంలో నిలపండి.

వోల్టేజీ ఇచ్చే ముందే డేటా రికార్డింగ్ మొదలుపెట్టండి. కణ రసం కొన దగ్గరే ఉంటుంది, ద్రావణి దాని వెనక ఉంటుంది. కాబట్టి బలమైన సిగ్నల్ మొదటి కొద్ది నిమిషాల్లోనే వచ్చి పోతుంది. తర్వాత రికార్డింగ్ నొక్కితే పెళ్ళి అయ్యాక ఫొటోగ్రాఫర్ వచ్చినట్టే. వోల్టేజీని 1 కిలోవోల్ట్ దగ్గర మొదలుపెట్టి, స్ప్రే నిలకడగా వచ్చేదాకా మెల్లగా పెంచండి. సాధారణంగా 2 లోపే కుదురుతుంది. అంతకుమించి పెంచితే కొన దగ్గర నిప్పురవ్వ లేచి పూత కాలిపోతుంది. టిప్ సర్దాలంటే వోల్టేజీ పూర్తిగా ఆపి, ఆ తర్వాతే చేయి పెట్టండి.

స్ప్రే రాకపోతే టెన్షన్ పడి వోల్టేజీ పెంచకండి. కొన మూసుకుపోయి ఉంటుంది. బిళ్ళగన్నేరు పాలు గడ్డకట్టే రకం, పాలనాళం నమూనాల్లో ఇది తరచూ జరుగుతుంది. వెనక నుంచి సిరంజితో కాస్త గాలి ఒత్తిడి ఇచ్చి చూడండి. అప్పటికీ రాకపోతే ఆ నమూనా పోయినట్టే, నోట్‌బుక్‌లో ఆ మాటే రాసి ఇంకొకటి తీయండి.

స్కాన్ పరిధి 100 నుంచి 1000 దాకా చాలు. రిజల్యూషన్‌ను, అంటే దగ్గర దగ్గర బరువులను విడిగా చూపే సామర్థ్యాన్ని, మెషిన్ ఇచ్చినంత ఎక్కువ పెట్టండి. ఇక్కడ పదార్థాలను ముందే విడదీసి పంపే ఎల్‌సీ (లిక్విడ్ క్రొమటోగ్రఫీ) కాలమ్ లేదు, వేల పదార్థాలు ఒకేసారి లోపలికి వస్తాయి, వాటిని విడదీసేది రిజల్యూషన్ ఒక్కటే.

పీకులు చదవడం

ప్రోటాన్ పట్టిన కాథరాంథిన్ 337.1911 దగ్గర రావాలి. అజ్మలిసిన్ 353.1860. ఇదే మొక్కలోని ఇంకో ఆల్కలాయిడ్ స్ట్రిక్టోసిడిన్ 531.2337. సర్పెంటిన్ 349.1547. ఐదు పీపీఎం (పది లక్షల్లో ఐదు వంతుల) తేడాను ఒప్పుకుంటే కాథరాంథిన్ 337.1894కూ 337.1928కీ మధ్య ఉండాలి. బయట ఉంటే అది కాథరాంథిన్ కాదు, లేదా మీ మెషిన్ క్యాలిబ్రేషన్ జారింది. ఇంటర్నల్ స్టాండర్డ్ పీకు చూస్తే ఏది నిజమో తేలిపోతుంది.

తర్వాత 1.0034 పైన, అంటే 338.1945 దగ్గర కార్బన్-13 పీకు చూడండి. కాథరాంథిన్‌లో 21 కార్బన్లు కాబట్టి అది అసలు పీకులో సుమారు 23 శాతం ఎత్తుండాలి. 5 శాతమే ఉంటే అనుమానించండి. మొక్క రసంలో పొటాషియం ఎక్కువ, అందుకే 375.147 దగ్గర పొటాషియం పట్టిన కాథరాంథిన్ కూడా రావచ్చు. దాన్ని వేరే పదార్థంగా లెక్కపెట్టకండి.

ఇంత చేసినా బరువు ఒక్కటే చూసి పేరు పెట్టేయకూడదు. టాబర్సోనిన్ కూడా ఇదే మొక్కలో ఉంటుంది, దాని ఫార్ములా అచ్చం కాథరాంథిన్‌దే. ఎంత ఖరీదైన మెషిన్ అయినా బరువును బట్టి వీటిని విడదీయలేదు, కవలల్ని కాటా మీద నిలబెట్టి పేరు చెప్పమన్నట్టు ఉంటుంది. ఎంఎస్/ఎంఎస్ చేయాలి, అంటే ఆ అయాన్‌ను పగలగొట్టి ముక్కలు చూడాలి. కాథరాంథిన్ పగిలితే 144 ముక్క ప్రధానంగా వస్తుంది, టాబర్సోనిన్ నుంచి 305 వస్తుంది. పుస్తకంలోని అంకెలతో సరిపెట్టుకోకుండా, కొన్న స్టాండర్డ్‌ను అదే మెషిన్‌లో, అదే శక్తితో పగలగొట్టి పక్కపక్కన పెట్టి చూడండి.

అజ్మలిసిన్ దగ్గర ఇది ఇంకా చిక్కు. టెట్రాహైడ్రోఆల్‌స్టోనిన్ దానికి తోబుట్టువు. ఫార్ములా ఒకటే, పరమాణువుల అమరికలో దిశ మాత్రమే వేరు, పగిలినా దాదాపు అవే ముక్కలు. ఎల్‌సీ లేకుండా వీటిని నమ్మకంగా విడదీయలేం. అక్కడ నిజాయితీగా '353.186 బరువున్న ఆల్కలాయిడ్లు' అని రాయడమే మర్యాద.

సిగ్నల్‌కు సమయం ఇవ్వడం కోసం ఎంఎస్/ఎంఎస్ జాబితాను ముందే రాసిపెట్టుకోండి. ఒక్కో కణం నుంచి మీకు దొరికేది కొన్ని నిమిషాలే. ఆ కొద్దిసేపట్లో ఏ అయాన్‌ను పగలగొట్టాలా అని ఆలోచిస్తూ కూర్చుంటే రసం అయిపోతుంది.

ఎన్ని కణాలు చాలు?

ఒక్క కణంలో కనిపించింది ఆ కణం గురించే చెబుతుంది. పక్కపక్కనున్న రెండు ఇడియోబ్లాస్ట్‌ల మధ్య కూడా తేడాలుంటాయి. కనీసం మూడు మొక్కల నుంచి, ఒక్కో రకానికి పదికి తగ్గకుండా కణాలు తీయండి. పొద్దున్నంతా ఇడియోబ్లాస్ట్‌లు, మధ్యాహ్నమంతా బాహ్యచర్మం అని చేయకండి. రోజు గడిచేకొద్దీ మెషిన్ సున్నితత్వం తగ్గితే, ఆ తగ్గుదల కణాల తేడాగా కనిపిస్తుంది. రకాలను కలిపేసి, మధ్యమధ్యలో బ్లాంకులు నడపండి.

ఎంత ఉంది అన్న ప్రశ్నకు జవాబు చెప్పడంలో తొందరపడొద్దు. టిప్‌లోకి వచ్చిన రసం పరిమాణాన్ని వీడియోలో మట్టం చూసి అంచనా వేయొచ్చు, ఇంటర్నల్ స్టాండర్డ్‌తో నిష్పత్తి కట్టొచ్చు. కానీ కొన దగ్గరి రసం, వెనకున్న ద్రావణి పూర్తిగా కలవవు, ఒక పదార్థం అయాన్ కావడాన్ని ఇంకొకటి అడ్డుకుంటుంది. ఈ కణంలో ఉంది, ఆ కణంలో లేదు అనే మాట ధైర్యంగా అనొచ్చు. రెండు రెట్లు ఎక్కువ ఉంది అనాలంటే వందసార్లు ఆలోచించాలి.

జంతు కణాలతో చేయాలంటే

పద్ధతి అదే, ఇబ్బందులు వేరు. గోడ ఉండదు, ఒత్తిడి ఉండదు, కాబట్టి సిరంజితో లాగాల్సిందే. 20 మైక్రాన్ల కణమంటే 4 పికోలీటర్లే, మొక్క కణంలో ఎనిమిదో వంతు. అన్నిటికన్నా పెద్ద శత్రువు కణాలను పెంచే మీడియం. అందులోని ఉప్పు, గ్లూకోజు, అమైనో ఆమ్లాలు కణంలోవాటిని మింగేస్తాయి. పీబీఎస్ అనే ఉప్పు బఫర్‌తో కడిగితే ఉప్పుతో ఉప్పును కడిగినట్టే. చివరి కడుగుకు అమోనియం ఫార్మేట్ ద్రావణం వాడితే అది మెషిన్‌లో ఆవిరైపోతుంది. ఎంత గాఢత అన్నది కణం ఉబ్బకుండా, ముడుచుకోకుండా మీరే సరిచూసుకోవాలి.

ఇంకా వేరే దారులూ ఉన్నాయి. అమెరికాలో ఆకోష్ వెర్టెష్ బృందం లేజర్‌తో కణంలోని నీటినే ఆవిరి చేసి, పైకి లేచిన ముక్కలను స్ప్రేతో పట్టుకుంటుంది. ఓక్లహోమా విశ్వవిద్యాలయంలో రెండు రంధ్రాలున్న సూదిని కణంలోకి దించి, ఒక రంధ్రంలోంచి ద్రావణి పోస్తూ ఇంకోదాంట్లోంచి అప్పటికప్పుడే స్ప్రే చేస్తారు. ఈ రెండో దారిలో రసం లాగి, మోసుకెళ్ళే పని తప్పుతుంది కానీ, మైక్రోస్కోప్‌ను మాస్ స్పెక్ ముందే అమర్చుకోవాలి. ఇంకో సంస్థ మెషిన్‌ను గంటల లెక్కన అద్దెకు వాడుకునే మనకు టిప్ పద్ధతే వీలు.

రోజు ముగిసేటప్పుడు

వాడిన టిప్‌లను చెత్తబుట్టలో వేయకండి. కంటికి కనిపించని గాజు కొన వేలిలో విరిగితే తీయడం మహా కష్టం. సూదుల డబ్బాలో వేయండి. మిగిలిన అసిటోనైట్రైల్‌ను సింకులో పోయకుండా ద్రావణుల వ్యర్థాల సీసాలోకి పంపండి.

వీడియో, ఫొటో, స్పెక్ట్రమ్ ఫైళ్ళు మూడింటికీ ఒకే పేరు పెట్టండి: తేదీ, మొక్క నంబరు, ముక్క నంబరు, కణం రకం, కణం నంబరు. గుచ్చిన టైము, స్ప్రే మొదలైన టైము కూడా అదే వరుసలో రాయండి. ఆరు నెలల తర్వాత రివ్యూయర్ ఒకరు ఫలానా పీకు వచ్చిన కణాన్ని చూపించమని అడుగుతాడు. అప్పుడు వీడియో తెరిచి, నీలంగా మెరిసిన ఆ కణంలోకి టిప్ దిగడం, కణం కుంచించుకుపోవడం, టిప్‌లో రసం ఎక్కడం చూపించి, ఆ పక్కనే ఖాళీగా ఉన్న మూడో బ్లాంకు పెట్టండి.